కడుపు కుదురు లేని బిడ్డ - మరుగుదొడ్డి అలవాటు

బిడ్డ తొలిమాట పలికిననాడు ఇంటిల్లిపాదియు మురిసిపోవును. తొలి అడుగు వేసిననాడు ఇరుగుపొరుగు వారిని పిలిచి చూపించుకొందుము. కాని బిడ్డ నేర్వవలసిన మూడవ విద్య యొకటి కలదు. మలమూత్రములను తన స్వాధీనమున నుంచుకొని, వేళకు, తగిన చోట విడుచుటయే ఆ విద్య. దానిని గూర్చి నలుగురిలో మాటాడుటకు మనకు సిగ్గు. ఆరోగ్యవంతుడైన బిడ్డకు ఈ విద్య ఇంచుమించు దానంతట అదే పట్టుపడును గనుక ఆ సిగ్గువలన పెద్ద నష్టము లేదు. కాని నెలల తరబడి మలబద్ధముతోనో, విరేచనములతోనో బాధపడు బిడ్డ విషయమున మన మౌనము, మన తొందర, మన కోపము మూడును కలిసి రోగముకంటె ఎక్కువ కీడు చేయును. నేటి ప్రసంగమున ఆ బిడ్డను గూర్చియే ముచ్చటింతము.

మంచిర్యాల నుండి చెన్నూరు పోవు దారిలో జైపూరు కలదు. గోదావరికి ఆవలి ఒడ్డున గోదావరిఖని, రామగుండము. ఈవలి ఒడ్డున ఇందారము, శ్రీరాంపురము గనులు. జైపూరు మండలములోని పెగడపల్లి వద్ద 2016లో సింగరేణి సంస్థవారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము వెలసినది. ఇచట పెక్కు కుటుంబముల దినచర్య గడియారమును బట్టి కాక షిఫ్టును బట్టి నడచును. అట్టి ఇంట నాలుగేండ్ల పిల్లవాడొకడు ఉన్నాడనుకొందము. వాడు మూడు, నాలుగు దినములకొక పర్యాయము ఏడ్చుచు మలవిసర్జన చేయును. నడుమ దినములలో వాని నిక్కరుకు కొంచెము కొంచెముగా మలము అంటుచుండును. అంగన్వాడీలో తోటి పిల్లలు ముక్కు మూసికొందురు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి విసుగుకొనును. "పెద్దగైనవు, చెప్పరాదా?" అని తల్లి రెండు దెబ్బలు వేయును. పిల్లవాడు చెప్పలేడు, ఏలయన అది ఎప్పుడు వచ్చినదో వానికే తెలియదు. ఈ ఒక్క మాట ఇంటివారికి తెలిసినచో ఆ దెబ్బలు తప్పును.

మొదట మన పాత అలవాటును స్మరింతము. మన తల్లులు కాళ్ళు బారచాపి కూర్చుండి, రెండు పాదములను దగ్గరగా చేర్చి, పసిబిడ్డను వానిపై కూర్చుండబెట్టి దొడ్డికి పోనిచ్చుట తరతరములుగా వచ్చుచున్న పద్ధతి. పాలు త్రాగిన కొంతసేపటికి, బిడ్డ ముఖము ఎఱ్ఱబడుటను, మూలుగుటను కనిపెట్టి తల్లి ఈ పని చేయును. ఇందు మూడు సత్యములు ఇమిడియున్నవి. కడుపు నిండిన పిమ్మట పెద్దప్రేవు కదలును. గొంతు కూర్చున్న భంగిమలో మలద్వారము వద్ద నుండు వంపు సరియై మార్గము సుగమమగును. తల్లి ఒడిలో బిడ్డకు భయముండదు. వేళ, భంగిమ, నిర్భయము అను ఈ మూడును నేటి వైద్యశాస్త్రము కూడ అంగీకరించు సూత్రములే. బిడ్డ పెరిగి, తల్లి పాదముల నుండి సిమెంటు దొడ్డిలోని బేసినుమీదికి మారునపుడు ఈ మూడింటిలో ఏదియో ఒకటి జారిపోవుచున్నది. కష్టము అచటనే మొదలగును.

ఈ శిక్షణము ఎప్పుడు ఆరంభింపవలెను? 1962లో అమెరికా దేశపు శిశువైద్యుడు బెర్రీ బ్రేజిల్టన్ 1170 మంది పిల్లల అనుభవమును పరిశీలించి, వయస్సుకంటె బిడ్డ సంసిద్ధత ముఖ్యమని ప్రకటించెను. బిడ్డ తనంతట నడచి పోయి కూర్చుండగలుగుట, నిక్కరును క్రిందికి లాగుకొనుట, రెండు గంటల పాటు తడవకుండుట, చెప్పిన మాటను గ్రహించి చేయుట, తనకు వచ్చుచున్నదని మాటతోనో సైగతోనో తెలుపుట - ఇవి సంసిద్ధతకు గుర్తులు. పెక్కుమందిలో ఇవి ఒకటిన్నర యేడు దాటిన పిదప ఒక్కొక్కటిగా కనబడును. ఆయన చూచిన పిల్లలు సగటున రెండేండ్ల నాలుగైదు నెలల వయస్సునకు పగటిపూట శుభ్రత నేర్చిరి. కడుపు కుదురు లేని బిడ్డకు ఇంకను ఎక్కువ కాలము పట్టును. "మా చెల్లెలి కొడుకు రెండేండ్లకే నేర్చినాడు" అను పోలిక అట్టి బిడ్డకు న్యాయము చేయదు.

ఇక మలబద్ధము ఎట్లు ముదురునో చూతము. పెద్దప్రేవు పనులలో ముఖ్యమైనది మలమునుండి నీటిని పీల్చుకొనుట. ఒకనాడు జ్వరము వలననో, ఎండ తాకిడి వలననో, తిండి మార్పు వలననో మలము గట్టిపడినది. బిడ్డ ముక్కినపుడు మలద్వారము చిట్లి మండినది. ఆ నొప్పి బిడ్డ మరువడు. మరునాడు వచ్చినపుడు దానిని బిగపట్టును. నిలిచిన మలమునుండి ప్రేవు మరింత నీరు పీల్చును. అది మరింత గట్టిపడును. నొప్పి మరింత హెచ్చును. భయము మరింత పెరుగును. ఇట్లు ఒకదానికొకటి తోడై చక్రమువలె తిరుగును. పిల్లవాడు తలుపు చాటున మునివ్రేళ్ళపై నిలిచి, కాళ్ళు పెనవేసికొని, ముఖము ఎఱ్ఱగా చేసికొనినపుడు పెద్దలు వాడు ముక్కుచున్నాడని భ్రమపడుదురు. నిజమునకు వాడు ముక్కుట లేదు, బిగపట్టుచున్నాడు. ఈ తేడాను కనిపెట్టిన తల్లి సగము వైద్యము చేసినట్లే.

నిక్కరునకు అంటు మలము సంగతి దీని తరువాతి ఘట్టము. బొగ్గు బంకరును ఎరిగినవారికి దీనిని తెలుపుట సులభము. బంకరు నోట పెద్ద పెళ్ళ యొకటి అడ్డుపడినచో మీది బొగ్గు దిగదు; కాని సన్నని పొడి మాత్రము ప్రక్క సందులనుండి రాలుచునే యుండును. బిడ్డ ప్రేవులో జరుగునదియు ఇదియే. గట్టిపడిన ముద్ద అడ్డముగా కూర్చున్నది. దాని ప్రక్కలనుండి పలుచని మలము జారును. ప్రేవు చాల దినములు సాగియుండుట వలన దానికి స్పర్శజ్ఞానము మందగించును. అందుచే జారిన సంగతి బిడ్డకు తెలియదు. ఇంటివారు దీనిని విరేచనములని తలచి కట్టుమందు వేయుదురు. అది పెళ్ళను మరింత బిగించును. ఇది సోమరితనము కాదు, మొండితనము కాదు, మురికితనము అసలే కాదు. కొట్టి మాన్పింపవలెనన్నచో మానునది కాదు; భయమును పెంచి రోగమునకు బలమిచ్చును.

కావున మరుగుదొడ్డి అలవాటునకు ముందు కడుపును సరిచేయవలెను. నొప్పి పుట్టించు చోటికి పొమ్మని బిడ్డను బలవంతపెట్టుట వ్యర్థము. వైద్యుడు మొదట కొన్ని దినములు మందిచ్చి నిలువయున్న మలమును వెడలించును; తరువాత ప్రతిదినము మెత్తగా వచ్చునట్లు నెలల తరబడి తక్కువ మోతాదున మందు కొనసాగించును. పాలీఇథిలీన్ గ్లైకాల్ అను పొడిని నీటిలో కలిపి ఇచ్చుట నేడు ప్రథమ చికిత్సగా ఎన్నబడుచున్నది. అది లభింపనిచోట లాక్టులోజు పానకము వాడుదురు. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండముల శిశు జీర్ణకోశ వైద్యసంఘములు 2014లో ప్రకటించిన మార్గదర్శకములలో మనకు మిక్కిలి ఉపయోగించు మాట యొకటి కలదు: బిడ్డ మరుగుదొడ్డి అలవాటు నేర్చుకొను దశలో నున్నచో, ఆ అలవాటు పూర్తిగా కుదురువరకు మందు మానరాదు. మన ఇండ్లలో జరుగునది దీనికి విరుద్ధము. నాలుగు దినములు సుఖముగా వెళ్ళగానే, "మందు మరిగిపోవును" అను భయముతో సీసాను అటకపై పెట్టుదురు. సాగిన ప్రేవు యథాస్థితికి వచ్చుటకు నెలలు పట్టును. వైద్యుని అడుగకుండ మానినచో కథ మరల మొదటికి వచ్చును.

ఇచట ఇంటి చిట్కాలను గూర్చి ఒక మాట. తమలపాకు తొడిమకు ఆముదము రాచి గాని, సబ్బు ముక్కను చెక్కి గాని బిడ్డ మలద్వారమున పెట్టుట పలుచోట్ల వాడుక. పెద్దవారు ప్రేమతో చేయు పనియే యైనను దానిని విడువుట మంచిది. సబ్బులోని క్షారము లోపలి సుతిమెత్తని పొరను మండించును. అంతకంటె ముఖ్యముగా, ఆ భాగమునందు బిడ్డకు ఇదివరకే గల భయము రెట్టింపగును. నెలకొకమారు ఆముదము త్రాగించి కడుపు కడుగుటయు ఇట్టిదే. అది ఒకనాటి కల్లోలమే గాని నిత్యపు అలవాటు కాదు. నాయనమ్మ చేయి ఈ చిట్కాలకంటె మేలైన పని యొకటి చేయగలదు. బిడ్డ కూర్చున్నంతసేపు ప్రక్కన కూర్చుండి కథ చెప్పుటయే ఆ పని.

మెత్తగా, నొప్పి లేకుండ వెళ్ళుట రెండు మూడు వారములు నిలుకడగా సాగిన పిమ్మట శిక్షణము ఆరంభింపవచ్చును. ప్రతిదినము తిండి తిన్న పిదప, పది నుండి ముప్పది నిమిషములలోపున, బిడ్డను కూర్చుండబెట్టవలెను. ఐదు నిమిషములు చాలును, పదికి మించరాదు. పాదములు గాలిలో వ్రేలాడకూడదు. పెద్దల కమోడుపై కూర్చుండబెట్టినచో చిన్న రంధ్రపు పలకను పైన అమర్చి, పాదముల క్రింద పీట వేయవలెను. మోకాళ్ళు తుంటికంటె కొంచెము ఎత్తున నుండవలెను. నేలబేసిను గల కోటర్సులో చిన్నబిడ్డకు ఆ గుంతను చూచిన భయము కలుగును. తాను అందులో పడిపోవుదునని తలచును. అట్టివానికి ముంగిట ఒక చిన్న ప్లాస్టికు కుర్చీకమోడు పెట్టుట మేలు. దీపము లేని దొడ్డిలోనికి ఒంటరిగా పంపరాదు. బుడగలు ఊదించుట, బెలూను ఊదించుట వంటి ఆటలు కడుపు కండరములకు మెల్లగా బలమిచ్చును.

మెప్పు దేనికి ఈయవలెనో తెలిసికొనుట ముఖ్యము. వెళ్ళినందుకు కాదు, కూర్చున్నందుకు మెచ్చుకొనవలెను. కూర్చుండుట బిడ్డ చేతిలోని పని, వెళ్ళుట కాదు. గోడమీది క్యాలెండరులో కూర్చున్న దినమున ఒక చుక్క పెట్టినను చాలును. నిక్కరు పాడైన దినమున కేక వేయక, నవ్వక, "కడిగికొందము రా, బిడ్డా" అని చెంబు తీసికొని పోవుట తల్లి చేయగల గొప్ప పని. "అమ్మా, దొడ్డికత్తాంది" అని బిడ్డ పరుగెత్తివచ్చిన మొదటి దినమున ఎంత పని యున్నను వెంట పోవలెను.

షిఫ్టు ఇండ్లలో ఒక చిక్కు కలదు. ఒక వారము తండ్రి పగలు నిద్రించును. మరొక వారము తెల్లవారకమునుపే సద్ది కట్టవలెను. పెద్దల వేళలు మారినకొలది బిడ్డ వేళలును మారును. ప్రేవునకు షిఫ్టులు తెలియవు. అది నిలుకడను కోరును. కావున ఉదయపు తిండి తరువాతను, రాత్రి భోజనము తరువాతను గల రెండు వేళలను బిడ్డకై కేటాయించి, తండ్రి ఏ షిఫ్టులో నున్నను వానిని కదల్పకుండుట మంచిది. బాపు ఇంటనున్న వారము ఆ బాధ్యత బాపుదే కావచ్చును. ఇది ఆడువారి పని యని ఎచటను వ్రాసిలేదు.

తిండి విషయమునకు వత్తము. అన్నము, పాలు, బిస్కట్లు - ఈ మూడింటితోనే పెరుగు పిల్లలలో మలబద్ధము తఱచు. రోజునకు అరలీటరుకు మించి పాలు త్రాగు బిడ్డకు ఇతర తిండికి ఆకలి యుండదు. పాలలో ఇనుము మిక్కిలి తక్కువ గనుక రక్తహీనతయు చేరును. పాలు తగ్గించి పప్పు, తోటకూర, బచ్చలి, సొరకాయ, జామపండు, బొప్పాయి, జొన్నరొట్టె మెల్లమెల్లగా అలవాటు చేయవలెను. ఎండకాలమున ఈ బొగ్గుప్రాంతపు ఉష్ణము 45 డిగ్రీలు దాటు దినములు కలవు. చెమటతో పోయిన నీరు మలమునకు మిగులదు. బిడ్డ అడుగకున్నను మంచినీరు, పలుచని మజ్జిగ ఇచ్చుచుండవలెను. అయితే తిండి మాత్రమే ముదిరిన మలబద్ధమును కుదుర్పదు. అది మందునకు తోడు, బదులు కాదు. రక్తహీనతకు ఇనుపమందు వాడునపుడు మలము నల్లబడును. అది భయపడదగినది కాదు. ఇనుపమందు లేకయే తారువలె నల్లగా వచ్చినచో మాత్రము వెంటనే చూపవలెను.

ఇక కొందరు బిడ్డల బాధ దీనికి ఎదురైనది. వీరికి తఱచు పలుచని విరేచనములు. పదునాలుగు దినములు దాటిన విరేచనములను తేలికగా తీసికొనరాదు. ఒక్కొక్కప్పుడు బిడ్డ చక్కగా ఎదుగుచు, ఆడుకొనుచునే పలుచగా వెళ్ళుచుండును. తీపిపానీయములు, సీసాలలోని పండ్లరసములు మాన్పినంతనే తగ్గుట కద్దు. ఒక్కొక్కప్పుడు విరేచనముల పిదప పాలలోని చక్కెర కొన్ని వారములు అరుగదు. అప్పుడు పెరుగు సహించును. ప్రేవులలోని పరాన్నజీవులు, పాలు పడకపోవుట మొదలగునవియు కారణములు కావచ్చును. గోధుమలు పడని సీలియాక్ వ్యాధి దక్షిణ దేశమున అరుదు. కాని ఎదుగుదల ఆగిన బిడ్డ విషయమున వైద్యుడు దానిని గూర్చియు ఆలోచించును. ఆ వ్యాధి నిర్ధారణమైన బిడ్డకు అంగన్వాడీలో ఇచ్చు బాలామృతమున గోధుమలున్నవని మరువరాదు.

విరేచనముల దినములలో మరుగుదొడ్డి శిక్షణమును నిలిపివేయవలెను. ఆ వేగమును పెద్దవాడే ఆపజాలడు, పసివాడెట్లు ఆపగలడు? ఆ దినములలో పాత లంగోటీయే శరణ్యము. దానిని ఓటమిగా చూపరాదు. అప్పటి ముఖ్యమైన పని నీటిని నింపుట. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున, బనగాఁవ్ వద్ద, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి కలరానుండి వేలమందిని కాపాడెను. నాటినుండి ఓ.ఆర్.ఎస్. పొట్లము ప్రతి ఆశా కార్యకర్త సంచిలో చేరినది. ఆరు నెలలు దాటిన బిడ్డకు దానితోపాటు దినమునకు 20 మిల్లీగ్రాముల జింకు మాత్రను 14 దినములు ఈయవలెను. విరేచనము ఆగినదని మధ్యలో మానరాదు.

కొన్ని గుర్తులు కనబడినచో ఇంటివద్ద కాలయాపన చేయరాదు. పుట్టిన రెండు దినములలోపున మొదటి నల్లని మలము వెడలకపోవుట, నెలలోపు వయస్సునుండియే మలబద్ధముండుట, పొట్ట ఉబ్బి బిగియుట, పచ్చని వాంతి, మలమున నెత్తురు, బరువు పెరుగకపోవుట, కాళ్ళ బలహీనత - ఇవి ఆ గుర్తులు. సింగరేణి గనులకు మాతృసంస్థయైన హైదరాబాదు దక్కను కంపెనీ 1886లో ఏర్పడినది. ఆ యేడే డెన్మార్కు వైద్యుడు హెరాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్ బెర్లినులో ఒక వ్యాధిని వర్ణించెను. ప్రేవు తుదిభాగమున నాడీకణములు లేకుండ పుట్టు బిడ్డల వ్యాధి అది. ఇంచుమించు 5000 జననములకు ఒకరికి కలుగును. దానికి మందు కాదు, శస్త్రచికిత్స కావలెను. అట్టి బిడ్డను అలవాటు పేర కూర్చుండబెట్టి దండించుట కుంటివానిని పరుగెత్తుమనుట వంటిది.

చూపించుకొనుటకు మార్గములు ఇప్పుడు దగ్గరలోనే యున్నవి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందములు అంగన్వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షింపవలెను. అప్పుడు సిగ్గుపడక చెప్పవలెను. సింగరేణి కార్మికుల కుటుంబములకు గోదావరిఖనిలోను, రామకృష్ణాపురములోను సంస్థ ఆసుపత్రులున్నవి. 2022లో మంచిర్యాలలోను, రామగుండములోను ప్రభుత్వ వైద్యకళాశాలలు తెరువబడినవి. పెద్ద పరీక్షలు కావలసినచో హైదరాబాదులో 1953 నుండి శిశువులకు సేవచేయుచున్న నీలోఫర్ ఆసుపత్రి కలదు. వైద్యుని వద్దకు పోవునపుడు రెండు వారముల లెక్క వ్రాసికొని పోవుట మేలు. ఏ దినము వెళ్ళినాడు, ఎట్లు వెళ్ళినాడు, నిక్కరు ఎన్నిమార్లు పాడైనది అనునవి అందుండవలెను. మేకపెంటికలవలెనా, పగిలిన గట్టి కడ్డీవలెనా, మెత్తని అరటిపండువలెనా, గంజివలెనా అని వ్రాసినను చాలును. 1997లో ఇంగ్లండులోని బ్రిస్టలు వైద్యులు ప్రకటించిన ఏడు తరగతుల పట్టికకు మూలసూత్రము ఇదియే.

అంగన్వాడీ టీచరుతో తల్లి ముందుగా మాటాడవలెను. మారుబట్టలు ఒక సంచిలో పంపి, అడిగిన వెంటనే బయటికి పోనిమ్మని కోరవలెను. బిడ్డ అడిగినపుడు "ఆగు" అని చెప్పు బడి, తెలియకయే బిగపట్టుటను నేర్పు బడి యగును.

అలవాటు కుదిరిన తరువాతను జ్వరము వచ్చినను, ఊరు మారినను, తమ్ముడు పుట్టినను మరల కొంత వెనుకకు పోవుట సహజము. అప్పుడు మొదటి మెట్టునుండి మరల ఆరంభింపవలెను. రెండవమారు త్వరగా కుదురును. బొగ్గును తవ్వు కార్మికునకు పైకప్పు నిలువకముందు ముందుకు పోరాదని తెలియును. బిడ్డ విషయమునను అంతే. మొదట నొప్పి పోవలెను. పిదప భయము పోవలెను. ఆ తరువాతనే అలవాటు. ఈ వరుస తప్పనిచో, ఇన్నాళ్ళు తలుపు చాటున నక్కిన పిల్లవాడు ఒక ఉదయమున తనంతట పీట తెచ్చికొని కూర్చుండును. ఆనాడు ఇంటివారు పెద్దగా ఏమియు చేయనక్కరలేదు. క్యాలెండరులో చుక్క పెట్టి, వాని చేతులు సబ్బుతో కడిగించి, ఆడుకొనుటకు పంపిన చాలును.